కంప్యూటర్ ఫోల్డర్లను క్లౌడ్‌లో దాచుకోవడం: పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు

ఈ మధ్య మా శీర్షికకు వచ్చిన లేఖల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నందున, ఈ సంచికలోని స్థలం మొత్తాన్ని క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా ఒక సంస్థ కంప్యూటర్లలో, ఫోల్డర్లు భద్రపరచుకోవడానికే కేటాయిస్తున్నాము. పేర్లు ప్రచురించవద్దని చాలామంది కోరారు కాబట్టి వృత్తి, ఊరు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: ఇరవై ఏళ్లుగా రాసుకున్న వ్యాసాలు, రేడియో ప్రసంగాల ప్రతులు అన్నీ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌లో ఉంచుకున్నాను. మా అబ్బాయి కొత్త ల్యాప్‌టాప్ కొనిచ్చి పాత ఫైళ్లన్నీ అందులోకి ఎక్కించాడు. కొన్ని వారాలకే మైక్రోసాఫ్ట్ వారి క్లౌడ్ సేవ వన్‌డ్రైవ్ నుండి ‘మీ వన్‌డ్రైవ్ నిండిపోయింది’ అని సందేశాలు రావడం మొదలైంది. అసలు ప్రతులు కంప్యూటర్‌లో ఎలాగూ ఉన్నాయి కదా అనే ధైర్యంతో వన్‌డ్రైవ్ వెబ్‌సైటులోకి వెళ్లి అక్కడున్నవన్నీ తీసేశాను. మర్నాడు చూస్తే కంప్యూటర్‌లోనూ లేవు. ఇది జరిగి పన్నెండు రోజులైంది. ఇక ఆశ వదులుకోవలసిందేనా?
– విశ్రాంత తెలుగు అధ్యాపకులు, రాజమహేంద్రవరం

సమాధానం: వదులుకోనక్కరలేదు. గడువు నడుస్తున్న వ్యవహారం కాబట్టి మీ లేఖ అందిన రోజే ఫోన్‌లో దారి చెప్పాము. ఇదే పొరపాటు ఇతరులు చేయకుండా ఉండేందుకు ఇక్కడ వివరంగా రాస్తున్నాము.

వ్యక్తిగత ఖాతా అయితే, వన్‌డ్రైవ్‌లో తీసేసిన ఫైళ్లు ముప్పై రోజుల పాటు దాని రీసైకిల్ బిన్‌లో ఉంటాయి. వెబ్‌సైటులో ఖాతా తెరిస్తే ఎడమ వైపు వరుసలో ‘రీసైకిల్ బిన్’ కనిపిస్తుంది. అందులోని ఫైళ్లను ఎంచుకుని ‘రీస్టోర్’ నొక్కితే అవి ఎక్కడివక్కడికి చేరుకుంటాయి. అయితే ఆ బిన్ నిండిపోతే పాతవి ముప్పై రోజులు ఆగకుండా మూడు రోజుల తరువాతే పోవచ్చు. అందువల్ల ఇలాంటి సందర్భంలో ముందు చేయవలసిన పని తీరిగ్గా కారణాలు వెతకడం కాదు, బిన్ తెరవడం. కంప్యూటర్‌లోని రీసైకిల్ బిన్‌ను కూడా ఒకసారి చూడండి.

ఇక అసలు జరిగిందేమిటో చెబుతాము. కొత్త విండోస్ కంప్యూటర్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టినప్పుడు, డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనే మూడు ఫోల్డర్లను వన్‌డ్రైవ్‌కు జతచేసే ఏర్పాటు చాలా సందర్భాల్లో దానంతటదే అమలవుతుంది. అమలైన తరువాత మీ డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఉండే చోటే మారిపోతుంది: సి డ్రైవ్‌లోని యూజర్స్‌లో, మీ పేరుతో ఉన్న ఫోల్డర్ లోపల, వన్‌డ్రైవ్ అనే ఫోల్డర్‌లోకి అది వెళ్లిపోతుంది. పైన చూస్తే అదే పేరు, అదే బొమ్మ కనిపిస్తాయి కాబట్టి సంగతి ఎవరికీ తెలియదు. సెట్టింగ్స్ తెరమీద ఈ ఏర్పాటును ‘బ్యాకప్’ (విడిగా దాచిన ప్రతి) అని పిలవడం మాకు ఏనాడూ నచ్చలేదు, ఎందుకంటే జరిగేది సింక్, అంటే రెండు చోట్లా ఒకే స్థితి ఉండేట్లు చూడటం. అద్దంలో బొట్టు తుడిస్తే నుదుటి మీది బొట్టు చెరగదు, సింక్‌లో చెరుగుతుంది. ఇక్కడ తీసేస్తే అక్కడ పోతుంది, అక్కడ తీసేస్తే ఇక్కడ పోతుంది. మీరు నకలు అనుకుని తీసేసినది అసలే.

గూగుల్ వారి క్లౌడ్ సేవ గూగుల్ డ్రైవ్‌ను కంప్యూటర్‌లో పెట్టుకున్నవారికీ ఇదే వర్తిస్తుంది. మీరు ఎంచుకున్న ఫోల్డర్లు వెబ్‌సైటులో ‘కంప్యూటర్స్’ అనే శీర్షిక కింద వేరుగా కనిపిస్తాయి కాబట్టి అవి విడి ప్రతులని భ్రమ కలుగుతుంది గానీ, వాటిలో ఒకటి తొలగిస్తే కంప్యూటర్‌లోదీ తొలగిపోతుంది. అక్కడి ట్రాష్‌లో కూడా ఫైళ్లు ముప్పై రోజులే నిలుస్తాయి.

మీ ఫైళ్లన్నీ తిరిగి వచ్చాక ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొని, ముందుగా వాటిని అందులోకి కాపీ చేయించండి. కాపీ చేసే ముందు ఫైళ్ల పక్కనున్న చిన్న గుర్తులను గమనించాలి. నీలి రంగు మబ్బు గుర్తు ఉంటే ఆ ఫైలు నిజానికి మీ కంప్యూటర్‌లో లేదు, పేరు మాత్రమే ఉంది, తెరిచినప్పుడు ఇంటర్నెట్ నుండి దిగుతుంది. తెల్లటి వృత్తంలో పచ్చని టిక్ ఉంటే ప్రస్తుతం కంప్యూటర్‌లో ఉంది, చోటు చాలకపోతే వెళ్లిపోవచ్చు. నిండు పచ్చని వృత్తంలో తెల్లని టిక్ ఉంటేనే అది ఎప్పుడూ మీ దగ్గర ఉంటుంది. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ ఎంచుకుని, గుర్తులన్నీ నిండు పచ్చగా మారేదాకా ఆగి, అప్పుడు కాపీ చేయండి.

వన్‌డ్రైవ్ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే. మీ రాతప్రతులకు అది ధారాళంగా సరిపోతుంది. నిండిపోవడానికి కారణం పిక్చర్స్ ఫోల్డర్‌లోని పెళ్లి వీడియోలో, డెస్క్‌టాప్ మీద పడి ఉన్న సినిమాలో అయి ఉంటాయి. టాస్క్‌బార్‌లోని మబ్బు గుర్తు నొక్కి, సెట్టింగ్స్‌లో ‘సింక్ అండ్ బ్యాకప్’ దగ్గర ‘మేనేజ్ బ్యాకప్’ తెరిచి, డాక్యుమెంట్స్‌ను మాత్రమే ఉంచి మిగతా రెండింటినీ ఆపేయవచ్చు. ఆపిన వెంటనే ఆ ఫోల్డర్లు ఖాళీగా కనిపించి, వాటిలో ‘వేర్ ఆర్ మై ఫైల్స్’ అనే షార్ట్‌కట్ ఒక్కటే మిగిలితే కంగారు పడవద్దు. ఫైళ్లు వన్‌డ్రైవ్ ఫోల్డర్ లోపలే ఉంటాయి. అక్కడి నుండి కట్ చేసి పాత చోటుకు తెచ్చుకోవాలి. ఈ ఒక్క తెర చూసి గుండె జారిపోయి మాకు రాసినవారు ఈ నెలలోనే ముగ్గురు ఉన్నారు.

ప్రశ్న: 1998 నుండి డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే పని) చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, కవితా సంపుటాలు, శతకాలు కలిపి వేల ఫైళ్లు పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. ఫోల్డర్ మొత్తాన్ని గూగుల్ డ్రైవ్‌లోకి ఎక్కించేశాను. ఇక నిశ్చింతగా ఉండవచ్చా?
– డీటీపీ కేంద్రం నిర్వాహకులు, తెనాలి

సమాధానం: ఫైళ్లు భద్రంగా ఉన్నాయి, కానీ వాటిలోని తెలుగు ఇంకా భద్రంగా లేదు. ఈ ప్రశ్న వేసినందుకు మీకు ప్రత్యేకంగా కృతజ్ఞతలు చెప్పాలి. తెలుగు ప్రచురణ రంగంలో పాతికేళ్ల పని ఇటువంటి ఫోల్డర్లలోనే ఉంది, దాని విలువ దాన్ని దాచినవారికే పూర్తిగా తెలియదు.

అను వంటి పాత ఫాంట్లు యూనికోడ్‌కు, అంటే ప్రతి భాషలోని ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఇచ్చే పద్ధతికి, చెందినవి కావు. ఆ ఫైలులో నిజంగా దాగి ఉండేది తెలుగు అక్షరం కాదు, ఒక రోమన్ అక్షరమో గుర్తో. దాని మీద తెలుగు రూపం తొడిగేది ఫాంటు. ఫాంటు లేని కంప్యూటర్‌లో అటువంటి ఫైలును తెరిచిన అనుభవం మాకుంది. ఒక పెద్దాయన దండకం తాలూకు ఫైలు అది. తెర మీద రోమన్ అక్షరాలు, తల మీద గీతలున్న ఐరోపా అక్షరాలు, డాలరు గుర్తులు, కొటేషన్లు కలగాపులగంగా ఒక పేజీ నిండా పరుచుకుని ఉన్నాయి. ఏ పాదం ఎక్కడ ముగిసిందో కూడా అందులో తెలియలేదు. ఫాంటు సంపాదించి వేశాక గానీ దండకం దండకంలా కనిపించలేదు.

మీరు ఎక్కించిన ఫోల్డర్‌లో ఆ ఫాంట్లు ఉండవు. అవి సి డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల ఉన్న ఫాంట్స్ ఫోల్డర్‌లో ఉంటాయి, క్లౌడ్ సేవలు మామూలుగా ఆ ఛాయలకే పోవు. కాబట్టి మీరు వాడే ఫాంట్లన్నింటినీ అక్కడి నుండి కాపీ చేసి, వాటితో పాటు అను, పేజ్‌మేకర్ ఇన్‌స్టాల్ చేసే ఫైళ్లను, కొన్నప్పటి సీరియల్ నంబర్లను ఒక విడి ఫోల్డర్‌లో చేర్చి దాన్నీ ఎక్కించండి. 2001లో వచ్చిన పేజ్‌మేకర్ 7.0 తరువాత ఆ సాఫ్ట్‌వేర్‌లో కొత్త తరం రాలేదు. అది నడిచే మీ పాత కంప్యూటర్ ఎన్నాళ్లుంటుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

రెండో చిక్కు బొమ్మలది. పేజ్‌మేకర్‌లో పెట్టిన పెద్ద బొమ్మలు చాలావరకు ఫైలు లోపల ఇమిడి ఉండవు. ఫలానా చోట ఉన్నాయనే చిరునామా మాత్రమే ఫైలులో ఉంటుంది. వినాయకుడి బొమ్మ డి డ్రైవ్‌లో ఉండి, శుభలేఖ ఫైలు ఇ డ్రైవ్‌లో ఉంటే, మీరు ఇ డ్రైవ్‌లోది మాత్రమే ఎక్కించినప్పుడు శుభలేఖ వినాయకుడు లేకుండానే భద్రపడుతుంది. ముఖ్యమైన ఫైళ్లను తెరిచి, ‘సేవ్ యాజ్’ పెట్టెలో ‘ఆల్ లింక్డ్ ఫైల్స్’ అని ఉన్నదాన్ని ఎంచుకుని కొత్త ఫోల్డర్‌లో సేవ్ చేస్తే బొమ్మలు కూడా వెంట వస్తాయి.

అన్నిటికన్నా మేలైన పని, పుస్తకాల వరకైనా ప్రతి ఫైలుకూ ఒక పీడీఎఫ్ చేసి పక్కన ఉంచడం. ఫాంట్లు అందులోనే పొదిగి ఉండేట్లు చేస్తే ఏ కంప్యూటర్‌లోనైనా చదవవచ్చు, అచ్చుకూ ఇవ్వవచ్చు. ఆ తరువాత తీరిక దొరికినప్పుడు పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చుకోండి. మార్చే సాధనాలు దొరుకుతున్నాయి, కానీ వత్తులూ గుణింతాలూ అక్కడక్కడ తప్పిపోతాయి కాబట్టి ప్రూఫు చూడక తప్పదు. వేల ఫైళ్లకూ ఇంత శ్రమ పడనక్కరలేదు. ముహూర్తం దాటిన శుభలేఖను వదిలేయండి. ఆ కవితా సంపుటాలను, శతకాలను మాత్రం వదలకండి. వాటిలో కొన్నింటికి మీ ఫైలు తప్ప మరో ప్రతి ఉండకపోవచ్చు.

ప్రశ్న: మాది మందుల హోల్‌సేల్ వ్యాపారం, భాగస్వామ్య సంస్థ. మేము లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్‌ను నేరుగా క్లౌడ్ సింక్ ఫోల్డర్‌లోనే పెట్టి పని చేస్తే, ఎప్పటికప్పుడు బ్యాకప్ అయిపోతుందని ఒకరు సలహా ఇచ్చారు. అలా చేయవచ్చా?
– అకౌంటెంట్, విజయవాడ

సమాధానం: దయచేసి చేయకండి. టాలీ డేటా ఒక ఫైలు కాదు, ఒకదానితో ఒకటి ముడిపడిన అనేక ఫైళ్ల గుంపు. మీరు ఒక బిల్లు నమోదు చేయగానే వాటిలో కొన్ని ఒకేసారి మారతాయి. సింక్ సాఫ్ట్‌వేర్‌కు ఈ సంబంధం తెలియదు. అది తనకు దొరికిన ఫైలును దొరికినట్లు పైకి పంపుతుంది. మీరు పని చేస్తుండగా సగం పాతవి, సగం కొత్తవి పైకి చేరితే, రేపు దించుకున్నప్పుడు లెక్కలు తెరుచుకోకపోవచ్చు. ఇద్దరు రెండు కంప్యూటర్లలో ఒకే ఫోల్డర్ తెరిస్తే ప్రమాదం ఇంకా ఎక్కువ. అవుట్‌లుక్ మెయిల్‌కు చెందిన పీఎస్‌టీ ఫైళ్లకూ ఇదే జాగ్రత్త అవసరం.

టాలీలోనే బ్యాకప్ సౌకర్యం ఉంది. టాలీప్రైమ్‌లో డేటా మెనూ తెరిచి బ్యాకప్ ఎంచుకోండి. సాయంత్రం కొట్టు కట్టేసే ముందు ఆ రోజు తేదీ పేరుతో ఒక ఫోల్డర్ తయారు చేసి బ్యాకప్ అందులోకి తీసి, ఆ ఫోల్డర్‌ను క్లౌడ్‌లోకి పంపండి. ప్రతిరోజూ ఒకే ఫోల్డర్‌లోకి తీస్తే నిన్నటి బ్యాకప్ మీద ఇవాళ్టిది కూర్చునే ప్రమాదం ఉంది. నిన్ననే లెక్క చెడి ఉంటే, చెడిన లెక్కే మీకు మిగులుతుంది. ఒక నెల రోజువారీ బ్యాకప్‌లు, ఆపైన ప్రతి నెలాఖరుదీ అట్టిపెట్టుకోండి. జీఎస్టీ చట్టం ప్రకారం లెక్కల పుస్తకాలను ఆ సంవత్సరపు వార్షిక రిటర్ను గడువు తేదీ నుండి 72 నెలల పాటు ఉంచవలసి ఉంటుంది కాబట్టి మార్చి నెలాఖరు బ్యాకప్‌లను తొందరపడి తీసేయకండి. కంపెనీగా నమోదైన సంస్థలకు నియమం ఇంకా గట్టిది: 2022 ఆగస్టు సవరణ ప్రకారం వారి లెక్కల బ్యాకప్ ప్రతిరోజూ భారతదేశంలో ఉన్న సర్వర్‌లో ఉండాలి. మీది భాగస్వామ్య సంస్థ కనుక ఇది మీకు వర్తించదు, కానీ రోజూ అనే మాట మీకూ పనికివస్తుంది.

క్లౌడ్‌తో పాటు ఒక హార్డ్ డిస్క్‌లో వారానికొక ప్రతి ఉంచి, పని అయిపోగానే దాన్ని కంప్యూటర్ నుండి ఊడదీయండి. 2017 మే నెలలో వనాక్రై అనే వైరస్ ప్రపంచమంతటా ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగినప్పుడు, ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ జాతి వైరస్‌లు తగిలించి ఉన్న హార్డ్ డిస్క్‌ను కూడా వదలవు. తాళం పడిన ఫైళ్లను సింక్ సాఫ్ట్‌వేర్ మామూలు మార్పులే అనుకుని క్లౌడ్‌కూ పంపిస్తుంది. బీరువాలో ఉన్న డిస్క్ జోలికి మాత్రం అవి పోలేవు.

ప్రశ్న: మా అమ్మానాన్నలు కరీంనగర్‌లో ఉంటారు. నాన్నగారి కంప్యూటర్‌లో కుటుంబ ఫొటోలు, వీడియోలు 180 జీబీ దాకా ఉన్నాయి. అక్కడి ఇంటర్నెట్ అప్‌లోడ్ వేగం 20 ఎంబీపీఎస్. ఇక్కడి నుండి నేను ఏర్పాటు చేసి పెట్టాలనుకుంటున్నాను. ఎంత సమయం పడుతుంది, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, డాలస్

సమాధానం: ఇంటర్నెట్ వేగాన్ని మెగాబిట్లలో, ఫైళ్ల పరిమాణాన్ని మెగాబైట్లలో కొలుస్తారని మీకు తెలిసే ఉంటుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. ఆ లెక్కన 180 జీబీ ఎక్కడానికి, వేగం ఎక్కడా తగ్గకుండా సాగితే, ఇరవై గంటలు పడుతుంది. వేగం ఎప్పుడూ ఒకే రీతిన ఉండదు, కరెంటు పోతూ వస్తూ ఉంటుంది కాబట్టి నాలుగైదు రాత్రులు అనుకోండి. మధ్యలో ఆగినా మిగిలిన ఫైళ్ల నుండి మళ్లీ కొనసాగుతుంది. రాత్రిపూట కంప్యూటర్ నిద్రలోకి జారకుండా పవర్ సెట్టింగ్ మార్చమని నాన్నగారికి చెప్పడం మరువకండి. చాలామందికి అప్‌లోడ్ నిలిచిపోయేది అక్కడే.

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిలుకు, డ్రైవ్‌కు, ఫొటోలకు కలిపి. అది మీకు చాలదు. మీరు 2 టీబీ పథకం కొనుక్కుని అందులో చోటును కుటుంబంలో మరో ఐదుగురితో పంచుకోవచ్చు, అయినా ఎవరి ఫైళ్లు వారికే కనిపిస్తాయి. అయితే కుటుంబ సభ్యుల ఖాతాలన్నీ ఒకే దేశానికి చెందినవై ఉండాలనే నిబంధన ఉంది కాబట్టి, మీ విషయంలో నాన్నగారి ఖాతాకే భారతదేశంలో చిన్న పథకం కొనడం సులువు. గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కిస్తే ‘ఒరిజినల్ క్వాలిటీ’ ఎంచుకోండి. ‘స్టోరేజ్ సేవర్’ ఎంచుకుంటే 16 మెగాపిక్సెల్స్ దాటిన ఫొటోలను కుదించి దాచుతుంది.

వేగం కన్నా మమ్మల్ని కలవరపెట్టేది ఖాతా తాళంచెవి సంగతి. అమ్మానాన్నలు ఆరు నెలలు మీ దగ్గరికి వచ్చినప్పుడు వారి భారతదేశపు సిమ్ రీచార్జి లేక ఆగిపోవడం, ఓటీపీ ఆ నంబరుకే వెళ్లడం, ఖాతా తెరుచుకోకపోవడం ఎన్నో ఇళ్లలో జరుగుతోంది. గూగుల్ ఖాతాలో రెండంచెల ధ్రువీకరణ పెట్టినప్పుడు ఎనిమిది అంకెలతో పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. వాటిని కాగితం మీద అచ్చు వేసి, ఒకటి అమ్మగారి బీరువాలో, ఒకటి మీ దగ్గర ఉంచండి. రికవరీ కోసం మీ ఈమెయిల్ చేర్చండి. రెండేళ్ల పాటు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చు. అదే ఖాతా సెట్టింగ్స్‌లో ‘ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్’ ఉంది. ఖాతా ఇన్ని నెలలు మూగబోతే ఫైళ్లు ఎవరికి అందాలో నాన్నగారే ముందుగా రాసిపెట్టుకోవచ్చు. ఈ మాట ఎత్తడం ఇబ్బందిగా ఉంటుందని తెలుసు. అయినా నాన్నగారు ఆరోగ్యంగా, హుషారుగా ఉన్నప్పుడే కూర్చుని ఇద్దరూ కలిసి చేయదగిన పని ఇది.

ప్రశ్న: కక్షిదారుల పత్రాలు క్లౌడ్‌లో పెడితే ఆ సంస్థ ఉద్యోగులు చదివే అవకాశం ఉందా?
– న్యాయవాది, కర్నూలు

సమాధానం: పెద్ద సేవలన్నీ ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రూపంలోకి మార్చే దాచుతాయి, కానీ మామూలు ఖాతాల్లో ఆ తాళంచెవి సంస్థ దగ్గరే ఉంటుంది. కక్షిదారుల రహస్యం మీ బాధ్యత కనుక, తాళం మీరే వేసి పంపడం మంచిది. కేసు ముగిసిన ఫోల్డర్లను, ఫైళ్లను ఒకే మూటగా కట్టే 7-జిప్ అనే సాఫ్ట్‌వేర్‌తో పాస్‌వర్డ్ పెట్టి కట్టేటప్పుడు ఫైళ్ల పేర్లను కూడా ఎన్‌క్రిప్ట్ చేయమనే గడిలో టిక్ పెట్టండి. లేకపోతే లోపలి సంగతి దాగినా కక్షిదారు పేరు బయటపడుతుంది. రోజూ తెరిచే ఫోల్డర్లకు క్రిప్టోమేటర్ వంటి సాధనం అనువుగా ఉంటుంది. 7-జిప్‌లో పాస్‌వర్డ్ మరచిపోతే ఎవరూ తెరవలేరు, క్రిప్టోమేటర్‌లోనూ ముందుగా రికవరీ కీ తీసి ఉంచకపోతే అంతే, కాబట్టి పాస్‌వర్డ్‌ను కాగితం మీద రాసి సీలు వేసిన కవరులో పెట్టి లాకర్‌లో ఉంచండి.

ప్రశ్న: పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం రాస్తున్నాను. మూడో అధ్యాయం ఫైలులో పొరపాటున పాత పాఠాన్ని అతికించి సేవ్ చేశాను. ఫైలు వన్‌డ్రైవ్‌లోనే ఉంది, తీసేయలేదు కాబట్టి రీసైకిల్ బిన్‌లో లేదు. కొత్త పాఠం దొరుకుతుందా?
– పరిశోధక విద్యార్థిని, వరంగల్

సమాధానం: దొరికే అవకాశం బాగా ఉంది. వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లో ఆ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ‘వెర్షన్ హిస్టరీ’ తెరవండి. వ్యక్తిగత ఖాతాలో చివరి 25 వెర్షన్లు, అంటే సేవ్ చేసినప్పటి పాత రూపాలు, ఉంటాయి. తేదీ, సమయం చూసి, పొరపాటుకు ముందున్న వెర్షన్‌ను ముందుగా డౌన్‌లోడ్ చేసి వేరే పేరుతో దాచండి. అది మీకు కావలసినదేనని చదివి నిర్ధారించుకున్నాకే రీస్టోర్ చేయండి. ఇప్పటికి ఆ ఫైలును మళ్లీ మళ్లీ తెరిచి సేవ్ చేయకండి, ఎందుకంటే ప్రతి సేవ్ వల్లా పాత వెర్షన్ ఒకటి వరుస నుండి జారిపోవచ్చు. గూగుల్ డ్రైవ్‌లో వర్డ్ ఫైళ్ల పాత వెర్షన్లు ముప్పై రోజులు లేదా వంద వెర్షన్ల వరకు నిలుస్తాయి, ‘కీప్ ఫరెవర్’ అని గుర్తు పెట్టినవి తప్ప.

ఇకపై ప్రతి అధ్యాయం ఒక మజిలీకి చేరినప్పుడల్లా తేదీ పేరుతో విడి ప్రతి తీసి, సింక్‌కు సంబంధం లేని పెన్‌డ్రైవ్‌లోనో హార్డ్ డిస్క్‌లోనో ఉంచండి. నెలకొకసారి విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోని కంప్యూటర్‌లోనో, స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లోనో మీ ఖాతా తెరిచి ఒక అధ్యాయాన్ని దించి చదివి చూడండి. పాదసూచికలు చోటు తప్పకుండా ఉన్నాయా, పట్టికలు తెరుచుకుంటున్నాయా, తెలుగు ఉదాహరణలు సరిగా కనిపిస్తున్నాయా అని పరిశీలించండి. పని అయ్యాక ఆ కంప్యూటర్‌లో ఖాతా నుండి సైన్ అవుట్ అయి, దించిన ఫైలును దాని డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుండి తీసేసి రండి.